గురువారం అంటిన క్రిమి

"మీ ఆవుల పొదుగువాపు క్రిమీ, పక్క ఫారం డెస్మండ్ ఆవుల క్రిమీ అచ్చుగుద్దినట్టు ఒకటే. మెల్‌బోర్న్ ల్యాబులో జన్యువులు పోల్చి చూశారు," అన్నాడు పశువుల డాక్టరు. "ఇది చేతులకంటుకుని వస్తుంది. అక్కడా ఇక్కడా పితికే మనిషెవరు?"

నాకు గురువారాలు గుర్తొచ్చాయి. నా భార్య లోర్నా ప్రతి గురువారం సాయంత్రం చర్చిలో పాటల ప్రాక్టీసని వెళ్తుంది. ఇంటికొచ్చాక ఒక్క కూనిరాగం కూడా తీయదు.

డాక్టరు కారు గేటు దాటగానే అడిగేశాను. "డెస్మండ్ దగ్గరికి పోతున్నావా?"

"పోతున్నా. పాపం, ఈ చలికి ఆయన వేళ్లు వంగట్లేదు. వారానికో పూటైనా ఆవుల్ని పితికిపెట్టి వస్తున్నా."

"ఇక్కడ రోజూ నడుం పోయిందంటావే! అక్కడ ఊరికే చేస్తావా?"

"ఊరికే ఎందుకు? అయ్యాక కూర్చోబెట్టి, టీ కలిపి చేతికిస్తాడు."

ప్రేమించానని చెప్పినా ఇంత మండేది కాదు నాకు. లోర్నా ముప్పై ఏళ్లుగా నా షెడ్డులో పితుకుతోంది.

"టీయేగా!" అంటూ విసురుగా వెళ్లి కెటిల్ పెట్టాను. కప్పులో టీ పోశాక చెయ్యి ఆగిపోయింది.

"నీకు చక్కెర ఎన్ని చెంచాలు?"

లోర్నా గంబూట్లు విప్పుతూ తల కూడా ఎత్తలేదు.

"డెస్మండ్‌ని అడుగు, చెప్తాడు."