ఫోన్లో కొన్న ఆవు

"పాలియ్యని ఆవుని అంటగడతావా? మోసగాడా!"

తెల్లారీ తెల్లారకముందే ఫోన్లో అరుస్తున్నవాడు అంబరీష్. అవతల వింటున్నవాడు ఆవును అమ్మిన ఓబలప్ప. ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు. పశువులను అమ్మిపెట్టే యాప్‌లో ఫొటో చూసి, దళారి లేకుండా బేరం కుదుర్చుకున్నానని తను పనికెళ్లే నరసాపురం ఫ్యాక్టరీ బస్సులో అంబరీష్ చెప్పుకోని మనిషి లేడు. ఆ ఆవు ఇంటికొచ్చింది మొదలు పాలు చేపనే లేదు. దూడను వదిలారు, బూసా దాణా పెట్టారు. పొదుగు కడిగి కడిగి భార్య నేత్రావతి చేతులు నానిపోయాయి. చుక్క రాలేదు. పొదుగు మాత్రం రాయిలా గట్టిపడుతోంది. ఇలాగే ఉంటే వాపొచ్చి ఆవు దక్కదని పశువుల డాక్టరు చెప్పిపోయాడు.

"నాకు మోసం తెలీదప్పా," అన్నాడు ఓబలప్ప. "దాని పాలకి పేరు పెట్టే పనే లేదు. ఇంట్లో నెమ్మది కోసం అమ్మతా ఉండానని ముందే చెప్పినాను గదా. ఉండు, మా ఇంటామె రామక్కకి ఇస్తాను."

రామక్క ఫోను తీసుకుంది. "నీ పెండ్లాన్ని పిలువప్పా. ఏమ్మా, ఏం మాట్లాడతా పిండతావు?"

"ఏమీ మాట్లాడనక్కా," అంది నేత్రావతి మెల్లగా.

"మా ఆమె నోట్లో నాలుక లేని మనిషక్కా," అన్నాడు అంబరీష్ గర్వంగా. "పిలిస్తేనే పలకదు."

"అట్ల చెప్పు మరి! నేను మా ఆయప్పని తిడతా పిండేదాన్ని. ఆవుకి అదే అలవాటు. ఫోను స్పీకర్లో పెట్టి దాని చెవికాడ పట్టుకో. నువ్వు పొదుగు పట్టమ్మా."

అంబరీష్ ఫోను పట్టుకుని నిలబడ్డాడు. రామక్క గొంతు సవరించుకుంది.

"ఏమయ్యా! పొద్దెక్కినా దుప్పటి దించేది లేదా? పేడెత్తేకి నేను, గడ్డి కోసేకి నేను, పాలు పిండేకి నేను. కాఫీ తాగేకి మాత్రం నువ్వా? ఆ ఫోను నిన్ను కనిందా, పెంచిందా? కింద పెట్టు ముందు!"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అంబరీష్ గబుక్కున ఫోను కింద పెట్టబోయాడు.

"పెట్టొద్దు!" అని అరిచింది నేత్రావతి. "చేపతా ఉండాది!"

బకెట్లో పాలు సర్రుసర్రుమంటున్నాయి. ఆవు కళ్లు సగం మూసుకుని నెమరేస్తోంది.

ఆ రోజు నుంచి ఎవరూ అడగకపోయినా పొద్దున్నే రామక్కే ఫోను చేసేది. ఎదురుగా మనిషి లేకుంటే ఆమెకు తిట్లు పెగలవట. అందుకని ఓబలప్ప, పాపం, దుప్పటి తీసేసి వచ్చి ముందర కూర్చునేవాడు. అమ్మేసిన ఆవు కోసం, ఎన్నడూ చూడని మనుషుల కోసం, ఆమె తిట్టేది, ఆయన తినేవాడు. ఇంత మంచి మనుషులు ఉంటారా అని అంబరీష్‌కు నిజంగానే కళ్లు చెమర్చాయి. మోసగాడని రాసిన యాప్‌లోనే అది చెరిపేసి అయిదు స్టార్లు ఇచ్చాడు. శుక్రవారం ఆవుకు బొట్టు పెట్టి ఫొటో పంపేవాడు.

"ఆవుతో పాటు ఇంకొకరి పెండ్లాం తిట్లు ఫ్రీ డెలివరీ అబ్బా," అని బస్సులో తన మీద తనే నవ్వుకునేవాడు. "నాకు తగిలేవి కావు గదా, వింటే బాగుంటాయి."

ఒక పొద్దున ఫోను రాలేదు. అంబరీష్ చేస్తే స్విచాఫ్.

ఆవు కాలు ఝాడించింది. బకెట్టు దొర్లిపోయింది. పొదుగు మళ్లీ బిగుసుకుంటోంది. నేత్రావతి ఆవు వైపు చూసింది, మొగుడి వైపు చూసింది.

"ఏమయ్యా..." అంది నసుగుతూ.

ఆవు చెవులు రిక్కించింది.

"ఏమయ్యా, పొద్దెక్కినా..." రామక్క తిట్లన్నీ వరసగా అప్పజెప్పింది. అవి అయిపోయాయి. పాలు ఇంకా సగం లోపలే ఉన్నాయి. నేత్రావతి ఊపిరి పీల్చుకుని సొంతంగా మొదలుపెట్టింది.

"కొట్టానికి రేకు ఏస్తానని ఎన్ని తూర్లు చెప్పినావు? ఆవుని ఫోన్లో కొంటివి, రేకు కూడా ఫోన్లోనే ఏస్తావా? బస్సులో ఊరందరికీ కథలు చెప్పేకి నోరుండాది, ఇంట్లో ఒక చెంబు నీళ్లు ముంచేకి చెయ్యి లేదా?"

బకెట్టు నిండింది. ఇంకో బకెట్టు తెమ్మంది. అంబరీష్ పరుగెత్తి తెచ్చాడు. అదీ నిండుతుంటే, పెళ్లయిన కొత్తలో చేసిన తప్పుల దగ్గరికి వచ్చింది ఆమె.

సాయంత్రం అంబరీష్ కొట్టం పైకెక్కి రేకులు బిగిస్తూ, కింద నేత్రావతి లేదని చూసుకుని, ఓబలప్పకు ఫోను చేశాడు. ఈసారి మోగింది.

"మన్నించప్పా, పొద్దున ఛార్జింగు లేకపాయె. పాలిచ్చిందా?"

"పాలకేం కొదవన్నా, రెండు బకెట్లు! ఇంగ అక్క ఫోను చేసే పని కూడా లేదు." అంబరీష్ గొంతు తగ్గించాడు. "నీకు దండం పెడతాను, ఆవుని వాపసు తీసుకో. దుడ్డు కూడా వద్దు. నోట్లో నాలుక లేని మనిషన్నా మా ఆమె, పొద్దున్నించీ ఆపలేదు!"

అవతల ఓబలప్ప కూడా గొంతు తగ్గించాడు.

"ఈ ఆవుని నేనూ ఫోన్లోనే కొనుంటినప్పా," అన్నాడు. "అది మా ఇంటికొచ్చేదాకా మా రామక్కకీ నోట్లో నాలుక లేదు."