దానంతట అదే

“వారంలో నాలుగోసారండి ఇది,” అన్నాడు హెడ్ కానిస్టేబుల్ శాంతికుమార్ గుమ్మంలోనే నిలబడి. “మీ ఇంట్లోంచి 112కి ఫోనొస్తుంది. ఎత్తితే మాటుండదు, మగ్గం చప్పుడొకటే. తిరిగి చేస్తే పొరపాటున వచ్చిందంటారు. అసలేంటి సంగతి?”

మగ్గం మీద ఉన్న గణేష్‌బాబు గబుక్కున లేచాడు. అతని నేతకి ఉప్పాడలో మంచి పేరుంది. మాట కూడా అంత నునుపే.

“అయ్యో, ఎండనపడి వచ్చారాండి! రండి, ఫ్యాను కింద కూర్చోండి. అది మా ఆవిడ ఫోనండి. జేబులో పెట్టుకుని పనిలో పడిపోతుంది. పక్కనున్న బటన్ ఐదుసార్లు నొక్కుకుపోయిందంటే దానంతట అదే మీకొచ్చేస్తుందండి.”

“దానంతట అదేనా?”

శాంతికుమార్‌కి నమ్మబుద్ధి కాలేదు. అలాగని కొట్టిపారేయడానికీ లేదు. మొన్న ఆదివారం అతని జేబులోనే ఫోన్ టార్చి వెలిగి, ప్రార్థన మధ్యలో చర్చిలో వాళ్ళంతా నవ్వారు. అంతకుముందోసారి ఎస్సైగారికి కాల్ వెళ్ళిపోయి, ఆయన గురించి ఇంట్లో అన్న నాలుగు ముక్కలూ ఆయన చెవినే పడ్డాయి. ఈ ఫోన్లు ఎప్పుడేం చేస్తాయో అతనికి ఎప్పుడూ అయోమయమే.

గణేష్‌బాబు భార్య దుర్గాశ్రీ మంచినీళ్ళు తెచ్చింది. కొంగు భుజాల చుట్టూ నిండుగా కప్పుకుంది.

“అంతేనా అమ్మా?” అనడిగాడు శాంతికుమార్.

ఆమె మొగుడి వైపు చూసింది. “అంతేనండి.”

“మరి దీన్ని ఆపే దారి లేదా?”

“సెట్టింగ్స్‌లో ఉంటుందండి,” గణేష్‌బాబు నవ్వాడు. “తీసేద్దామంటే తనే వద్దంటుంది.”

“ఉండనివ్వండి హెడ్డుగారూ,” అంది దుర్గాశ్రీ. “ఇకమీదట జాగ్రత్తగా ఉంటాను.”

“మనం జాగ్రత్తగా ఉన్నా అది ఊరుకోదమ్మా, నాకు తెలీదా! ఇలా ఇవ్వు.”

గణేష్‌బాబు వేలితో చూపిస్తుంటే, శాంతికుమార్ ఒక్కొక్కటే నొక్కుకుంటూ వెళ్ళాడు. చివరికి ఆ సదుపాయం ఆగిపోయింది. ఫోను విద్యలో ఇన్నాళ్ళకి ఒకటి పట్టుబడినందుకు అతనికి సంబరమేసింది.

దుర్గాశ్రీ టీ పెట్టింది. తాగాక ఇంకో గ్లాసు పోసింది. అదీ అయ్యాక, ఉప్మా చేస్తాను కాసేపు కూర్చోండి అంది. పోలీసువాణ్ణి ఇంతసేపు ఉండమన్న ఇల్లు ఇరవయ్యేళ్ళ సర్వీసులో శాంతికుమార్ చూడలేదు. ఎంత మర్యాద అనుకున్నాడు. బండి తీస్తుంటే గుమ్మంలోంచి ఆమె ఏదో అన్నట్టనిపించింది గానీ, సముద్రపు హోరులో వినపడలేదు.

స్టేషన్‌కి వచ్చేసరికి కానిస్టేబుల్ ఆశాజ్యోతి కంప్యూటర్ ముందు ఉంది.

“ఆ నాలుగు కాల్స్ సంగతి తేలిందమ్మా, రాసెయ్యి,” అన్నాడు హుషారుగా. “జేబులో ఫోన్ దానంతట అదే నొక్కుకుపోయింది. నేనే స్వయంగా ఆపేసి వచ్చాను. ఇక ఆ ఇంటినుంచి బెడద లేదు.”

టకటకా కొడుతున్న ఆశాజ్యోతి వేళ్ళు ఆగిపోయాయి.

“ఎవరి జేబులోనండి?”

“ఇంకెవరిది, ఆ నేతగాడి భార్యది.”

“ఆవిడ డ్రెస్ వేసుకున్నారాండి?”

“లేదమ్మా, చీరే. ఏం?”

ఆశాజ్యోతి అప్పటికే కుర్చీలోంచి లేచి, బల్ల మీదున్న టోపీ అందుకుంటోంది.

“చీరకి జేబెక్కడిదండీ?”