వైరు వదులు

పిలవకుండా వచ్చి ముక్కూమొహం తెలియనివాళ్లకు మేలు చేసేవాళ్లకు అందులో ఏం దొరుకుతుందో, ఏళ్లుగా నాకు సందేహమే.

అమెరికాలోని డులూత్‌లో ఒక ఆసుపత్రి. అక్కడ ఈఈజీ, అంటే మెదడు కదలికలను తెరమీద గీతలుగా చూపే పరీక్ష, తీయడం నేర్చుకునేవాళ్లకు తన తల అప్పగించడానికి ప్రతి గురువారం ఒక ముసలాయన వచ్చేవాడు. పేరు ఆర్విడ్.

ఆ రోజు కెల్సీ వంతు. ఆయన నెత్తిన జిగురు రాసి, వైర్ల బిళ్లలు ఒక్కొక్కటే అంటించింది.

తెరమీద ఒక గీత ఉన్నట్టుండి ఎగిరింది.

'వైరు వదులు' అని రాసేసింది కెల్సీ.

"ఆ బిళ్ల పీకి మళ్లీ అంటించు తల్లీ. అప్పటికీ ఎగిరితే అది వైరు కాదు."

"వారం వారం ఇదే గోల! మీ బుర్రలో ఏముంటుంది తాతా, పొద్దున తాగిన కాఫీ తప్ప?"

తోటివాళ్లు నవ్వారు. ఆయనా నవ్వాడు.

"కాఫీ అయితే మరీ మంచిది. అంటించు."

నాలుగుసార్లు అంటింపజేశాడు.

కెల్సీ తన టీచరు బర్నిస్ దగ్గరికి వెళ్లింది. "పాఠం చెప్పేది మీరా, ఆయనా? ఆయన కూర్చుంటే నాకు పని సాగడం లేదు."

"సరే, నేను చెబుతాలే."

మరుసటి గురువారం ఆ కుర్చీలో వేరే ఎవరో కూర్చున్నారు.

జనవరికల్లా కెల్సీకి అక్కడే ఉద్యోగం వచ్చింది. ఒక శుక్రవారం, డ్యూటీ దిగే వేళకు ఏడేళ్ల పాపను తీసుకొచ్చారు.

"మాట్లాడుతూ మాట్లాడుతూ గుడ్లప్పగించి ఆగిపోతుందమ్మా," అంది తల్లి. "బళ్లో పరధ్యానం అంటున్నారు."

పాప ఏడుపు. బయట మంచు. తెరమీద ఒకే ఒక గీత ఎగిరింది.

వైరు వదులని రాస్తే డాక్టరు ఇక ఆ గీత వైపు చూడడు. కెల్సీ సగం రాసింది.

ఎందుకో చెయ్యి ఆగింది. విసుక్కుంటూనే బిళ్ల పీకి, తుడిచి, మళ్లీ అంటించింది.

గీత మళ్లీ ఎగిరింది. మళ్లీ.

ఆ సాయంత్రమే పాపకు మూర్ఛ మందు మొదలుపెట్టారు.

సోమవారం కెల్సీ బర్నిస్‌ను పట్టుకుంది. "ఆర్విడ్ గారి ఇల్లెక్కడ? క్షమించమని అడగాలి."

"క్రిస్మస్‌కు ముందే పోయాడే. నేను రావద్దన్నప్పుడు కూడా కోపం లేదు. 'ఆ అమ్మాయి మళ్లీ అంటిస్తోందా?' అని మాత్రం అడిగాడు."

"అసలు ఎవరాయన?"

బర్నిస్ గది తలుపు దగ్గరికి వేసింది.

"ముప్ఫై ఏళ్ల కిందట నీ ఉద్యోగం ఆయనదే. ఇలాగే ఒక పాప వచ్చింది. 'వైరు వదులు' అని ఆయన రాసింది నమ్మి, ఏ జబ్బూ లేదని డాక్టరు ఇంటికి పంపేశాడు. ఆ పాపను మట్టిచేసి వచ్చిన రోజే ఆయన ఉద్యోగం మానేశాడు. అప్పటినుంచీ మోసిన బాకీ, పిచ్చిదానా, మొన్న శుక్రవారం నీ చేతులతో తీర్చుకున్నాడు."