మూత మీద బరువు

"నా థీసిస్ వాషింగ్ మెషిన్ మీద ఎందుకుంది?"

ప్రొఫెసరుగారు భుజాన తువ్వాలుతో వెనక వరండా గుమ్మంలో నిలబడి అరిచారు. చొక్కా వెతుక్కుంటూ ఆయన అటువైపు రావడం అదే మొదటిసారి.

"మూత సరిగ్గా పడటం లేదండీ. పైన బరువుంటేగానీ తిరగదు," అంది భార్య వంటింట్లోంచి.

"ఇంట్లో ఇంకే బరువూ దొరకలేదా?"

"అన్నీ చూశాం. దానంత బరువైంది ఇంకోటి లేదు."

అది పొగడ్తో కాదో తేల్చుకోలేక ఆయన ఆ ఎర్ర అట్ట పుస్తకాన్ని తీసి చంకలో పెట్టుకున్నారు. మెషిన్ టక్కున ఆగిపోయింది. లోపల ఆయన తెల్లచొక్కా సబ్బునీళ్లలో తేలుతోంది.

"అయ్యో, తీసేశారా! ఇప్పుడు మళ్లీ మొదట్నుంచి తిప్పాలి."

"ఎన్నాళ్లుగా సాగుతోందీ భాగోతం?"

"మూత విరిగినప్పట్నుంచీ. మెకానిక్‌ని పిలవమంటే, ఆ అమ్మాయికి చెప్పు, చూసుకుంటుందన్నారు. చూసుకుంది."

ఆ అమ్మాయి ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న విద్యార్థిని. తన థీసిస్ ఎప్పుడో రాసేసింది. అది ఆయన సంతకం కోసం ఆయన బల్ల మీదే దుమ్ము తింటోంది. ఆ సంతకం లేనిదే ఆమెకు పట్టా లేదు. సంతకం పెట్టడానికి ఆయనకు తీరిక దొరకడం లేదు. ఆమెతో పరీక్ష పేపర్లు దిద్దించడానికీ, కూరగాయలు తెప్పించడానికీ, తన తల్లి కంట్లో చుక్కల మందు వేయించడానికీ మాత్రం తీరిక ఎలాగో చేసుకుంటున్నారు.

ఆ మధ్యాహ్నమే ఆయన ముఖం కందగడ్డ చేసుకుని యూనివర్సిటీ నుంచి వచ్చేశారు.

"నా మీద ఎవడో ఫిర్యాదు చేశాడు! పేరు కూడా పెట్టుకోకుండా!"

"పేరు పెట్టొద్దని మీరేగా ఉపన్యాసం ఇచ్చారు?"

నిజమే. యూనివర్సిటీలో జరిగే తప్పుల్ని పేరు చెప్పకుండా బయటపెట్టడానికి ఈ మధ్యే ఒక వెబ్‌సైటు తెరిచారు. దాని కమిటీకి ఆయనే అధ్యక్షుడు. "భయపడకండి, మీ గొంతు మాకు కావాలి" అని ప్రారంభోత్సవంలో ఆయన అన్నప్పుడు వెనక వరసల్లో కూడా చప్పట్లు పడ్డాయి. వచ్చిన మొదటి గొంతు ఆయన మీదే వచ్చింది.

ఆయన ఫోన్ తీసి చదివారు. "'సార్ విద్యార్థులతో ఇంటి చాకిరీ చేయిస్తారు. చెయ్యకపోతే సంతకం పెట్టరు. చేసినా పెట్టరు.'"

వంటగట్టు తుడుస్తున్న భార్య చెయ్యి ఆగింది. "బాగానే రాశారే."

"ఇంకా విను. 'ఆయన థీసిస్ ఈ లోకంలో ఎవరికైనా పనికొస్తోందంటే, అది ఆయన ఇంట్లో మూత పడని వాషింగ్ మెషిన్‌కి మాత్రమే.'"

అత్తగారికి నవ్వొచ్చింది. కొడుకు ముఖం చూసి దాన్ని దగ్గు చేసేసుకుంది.

"ఆ చివరి వాక్యం మళ్లీ చదవండి," అంది భార్య.

"ఎందుకు?"

"ఊరికే. వినాలనిపించింది."

"పొద్దుటిదాకా నాకే తెలియని సంగతిది! అమ్మ ఆ వరండాలో కాలు పెట్టదు. ఇక తెలిసింది ఎవరికి? నీకూ, ఆ పిల్లకీ."

"నేను రాసి ఉండకూడదా?"

"నువ్వా?" ఆయన ఆ పూటకు మొదటిసారి నవ్వారు. "సరుకుల చీటీ రాయడానికే బద్ధకిస్తావు."

కాలేజీలో వ్యాసరచన పోటీల్లో ఆమె గెలుచుకున్న కప్పులు అటక మీద ఉన్నాయి. ఆయన ఎన్నడూ అటక ఎక్కలేదు.

"రేపు మీటింగులో ఆ పిల్ల రిజిస్ట్రేషన్ రద్దు చేయిస్తాను," అన్నారాయన.

"ఎవరు రాశారో గోప్యంగా ఉంచుతామన్నారుగా?"

"ఉంచుతాం. రద్దుకి కారణం చెప్పం, అంతే. రాత్రి భోజనానికి ఉండమన్నాను. అందరి ముందూ ఒప్పిస్తాను."

ఆ అమ్మాయి కూరగాయల సంచితో వచ్చింది. పెద్దావిడ కంట్లో చుక్కలు వేసి, ఆయన చూపించిన కుర్చీలో అంచు మీద కూర్చుంది. కంచంలో వడ్డించింది వడ్డించినట్టే ఉంది.

"మా మెషిన్ మూత సంగతి నీకు తెలుసటగా అమ్మా?" అని ఆయన తేనె పూసినట్టు మొదలుపెట్టారు.

"సార్... అది..."

"తడబడకు. మీ గొంతు మాకు కావాలి."

భార్య గరిటె గిన్నెలో పెట్టేసి, కుర్చీ లాక్కుని కూర్చుంది. వడ్డన మధ్యలో ఆమె కూర్చోవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

"ఆ పిల్లని వదిలెయ్యండి. రాసింది నేను."

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఎందుకు?"

"మెకానిక్‌ని పిలవమని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. మీ వెబ్‌సైటులో పెడితేనన్నా వింటారేమోనని."

"నా పరువు తీస్తావా?"

"ఇంకా తియ్యలేదు. రేపు మీటింగులో ఈ అమ్మాయి పేరెత్తి చూడండి. నేనే వచ్చి అందరి ముందూ ఒప్పుకుంటాను. అధ్యక్షులవారి మీద భార్యే ఫిర్యాదు పెట్టిందంటే, వెనక వరసల్లో మళ్లీ చప్పట్లు పడతాయి."

ఆయన దిక్కుతోచక తల్లివైపు చూశారు.

"ఆ మెకానిక్‌ని పిలిస్తే పోయేది కదరా నాన్నా," అందావిడ.

చివరికి ఆయన గొంతు సవరించుకుని, సభలో తీర్మానం చదివినట్టు ప్రకటించారు. "ఇది మా కుటుంబ వ్యవహారం. కాబట్టి విచారణ అనవసరం. ఫిర్యాదు మూసేస్తున్నాం. నీ థీసిస్ మీద ఇప్పుడే సంతకం పెట్టి తెస్తాను. రేపట్నుంచి మాత్రం నువ్వీ గడప తొక్కడానికి వీల్లేదు!"

పెద్ద శిక్షే వేశానన్న తృప్తితో ఆయన చెయ్యి కడుక్కుని తన గదిలోకి నడిచారు.

ఆ అమ్మాయి కళ్లు నిండిపోయాయి. "మేడమ్, మీరు..."

ఆమె లేచి, ఆ అమ్మాయి కంచంలో ఇంకాస్త కూర వేస్తూ చెవి దగ్గర మెల్లగా అంది.

"ఇంకోసారి రాసేటప్పుడు మూత సంగతి ఎత్తకు."