జెండా అంచు

"సరుకు ముట్టినట్టు ఇక్కడ సంతకం పెట్టు," అన్నాడు రైల్వే గుమాస్తా.

హాల్వర్ చేతిలో కలం ఆగిపోయింది.

"సరుకా? అది నా కూతురయ్యా!"

గుమాస్తా తల దించుకున్నాడు. కాగితం మీద అలాగే రాసి ఉంది మరి.

కూతురు సిగ్రిడ్ ఏడాదిపాటు సైన్యం విమానాలు నడిపింది. విమానం తోకకు పొడుగాటి గుడ్డ కట్టుకుని ఎగిరేది. కొత్త సిపాయిలు ఆ గుడ్డకు గురిపెట్టి, నిజం తూటాలే కాల్చి నేర్చుకునేవారు. అయినా సర్కారు దృష్టిలో ఆమె సిపాయి కాదు. ఆడది కదా, జీతానికి కుదిరిన మనిషి అంతే. చనిపోతే శవాన్ని ఇంటికి చేర్చే బాధ్యత కూడా వాళ్ళది కాదట. టెలిగ్రాంలో మాత్రం తీరిగ్గా ఒక ముక్క రాశారు: 'ప్రమాదానికి కారణం పైలట్ పొరపాటు.'

ఆ ముక్కకే హాల్వర్ కడుపు మండిపోతోంది.

శవపెట్టెతో పాటు రైల్లోంచి ఒక యువతి దిగింది. కత్తిరించిన జుట్టు, మగవాళ్ళ ప్యాంటు, నిద్రలేని కళ్ళు. సంచిలోంచి మూడు మూలలుగా మడిచిన దేశం జెండా తీసింది.

"పెట్టె మీద ఇది కప్పి తీసుకెళ్ళండి," అంది.

హాల్వర్ రెండు చేతులా అందుకున్నాడు. పోయిన నెల పక్క ఊరి సిపాయి కుర్రాడు శిబిరంలో తాగి జీపు బోల్తా కొట్టించి చచ్చిపోతే, వాడికీ జెండా కప్పారు. తన బిడ్డకు కప్పరేమోనని టెలిగ్రాం వచ్చినప్పటినుంచి నలిగిపోతున్నాడు.

"చూశావా గున్‌హిల్డ్!" అన్నాడు భార్యతో. "సైన్యం జెండా పంపింది. మన పిల్ల తప్పు లేదని ఒప్పుకున్నట్టేగా!"

యువతి ఏదో చెప్పబోయింది. గున్‌హిల్డ్ కళ్ళు చూసి ఊరుకుంది.

శ్మశానంలో మట్టి వేయడానికి ముందు హాల్వర్ స్నేహితుడు ఆర్నే పెట్టె మీది జెండాను తీసి మడిచాడు. పోయిన యుద్ధంలో ఒక కాలు పోగొట్టుకుని వచ్చిన మనిషి అతను. పద్ధతులన్నీ తెలుసు.

"భద్రం వదినా," అంటూ గున్‌హిల్డ్ చేతుల్లో పెట్టాడు. "పోయినవాళ్ళ మీద కప్పిన జెండాని అయినవాళ్ళకి ఒక్కసారే ఇస్తారు. పారేసుకుంటే మళ్ళీ ఇవ్వరు."

తర్వాత అందరూ చర్చి కింద గదిలో కాఫీకి చేరారు. అలాంటి రోజున దారిన పోయే బిచ్చగాడినైనా పిలిచి కప్పు చేతికివ్వడం ఆ ఊరి మర్యాద.

గున్‌హిల్డ్ యువతికి కాఫీ పోస్తూ అడిగింది.

"నీ పేరేంటమ్మా?"

"లోర్నా అండీ."

హాల్వర్ దిగ్గున లేచాడు.

ఆ పేరు ఆ ఇంట్లో అందరికీ తెలుసు. సిగ్రిడ్ ఉత్తరాలను గున్‌హిల్డ్ ఆదివారం ఆదివారం భోజనాల బల్ల దగ్గర పైకి చదివేది. 'నాన్నా, ఇక్కడ లోర్నా అని ఒక అపశకునం పిట్ట ఉంది. ఈ ఇంజను దగ్గుతోంది, ఆ రెక్క వణుకుతోంది అని పొద్దస్తమానం ఒకటే గోల. మేమంతా తెగ ఆటపట్టిస్తున్నాం.' హాల్వర్ పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

చివరి ఉత్తరం టెలిగ్రాం తర్వాత చేరింది. 'లోర్నా ఇవాళ మళ్ళీ మొండికేసింది. ఆ ఇంజను గాల్లో ఆగిపోతుందట! అధికారి నానా మాటలూ అన్నాడు. పోనీలే, తన బదులు రేపు నేను వెళ్తానన్నాను. అమ్మా, ఉన్ని మేజోళ్ళు పంపు.'

"నువ్వా!" అన్నాడు హాల్వర్. "నీ బదులు వెళ్ళింది నా బిడ్డ!"

"అవునండీ."

"నీకేం రోగం? జ్వరమా?"

"కాదు. ఇంజను బాగోలేదు. చెప్పాను."

"ఎవరికి?"

"అందరికీ. విచారణలో కూడా చెప్పాను. తప్పు సిగ్రిడ్‌ది కాదు, ఇంజనుదని. అందుకే నన్ను తీసేశారు."

"పిరికిదాన్ని తీసెయ్యక నెత్తిన పెట్టుకుంటారా? నీ ప్రాణం నీకు తీపి. నా పిల్ల ప్రాణం మాత్రం చేదా?"

"ఏమండీ, కాఫీ అయినా తాగనివ్వండి," అంది గున్‌హిల్డ్.

"నా కళ్ళ ముందు వద్దు. సైన్యం పంపిన జెండా తెచ్చిచ్చావు, పనైపోయింది. లే!"

గది నిండా పెద్దమనుషులున్నారు. పొద్దున్నే చర్చిలో దయ గురించి పాడినవాళ్ళే. అందరూ కాఫీ కలుపుకుంటూ కూర్చున్నారు.

లోర్నా కప్పు ముట్టకుండానే లేచింది. గుమ్మం దగ్గర ఆగి గున్‌హిల్డ్ ఒళ్ళో ఉన్న జెండా వైపు చూసింది. చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకుంది. కోటు భుజాన వేసుకుని స్టేషను దారి పట్టింది.

రైలు కూత వేసి వెళ్ళిపోయాక ఆర్నే కుంటుకుంటూ వచ్చాడు. చేతిలో తంతి కాగితం ఉంది.

"ఒరేయ్ హాల్వర్, సిగ్రిడ్‌కి జెండా ఇవ్వమని నేను మొన్న సైన్యానికి తంతి కొట్టాను. ఇప్పుడు జవాబొచ్చింది. ఆమె సిపాయి కాదట, ఇవ్వడం కుదరదట. సిగ్గులేని వెధవలు!"

"కుదరకపోవడమేంట్రా? ఇచ్చారుగా! ఇదిగో!"

"వాళ్ళు ఇవ్వలేదురా."

ఇద్దరూ గున్‌హిల్డ్ వైపు తిరిగారు. ఆమె అప్పటికే మడత విప్పుతోంది. అంచు దగ్గర తెల్లదారంతో సన్నగా కుట్టిన అక్షరాలు వేళ్ళకు తగిలాయి. కూతురి ఉత్తరాలు చదివే గొంతుతోనే ఆమె పైకి చదివింది.

"డెల్బర్ట్ విల్కాక్స్, పైలట్. ఆయన పెట్టె మీద కప్పినది. భార్య, లోర్నా."