వేలెడు జుట్టు

ఆదివారం పొద్దున వెంకట్రాములు కటింగ్ దుకాణంలో నిలబడటానికి కూడా చోటు ఉండదు. వనపర్తికి వచ్చి ఏడాది కాలేదు, అప్పుడే బస్టాండు వెనక సందులో ఆయన కత్తెరకు మంచి పేరు వచ్చింది. పేరు వచ్చింది సరే, దాని వెనకాలే ఒక నింద కూడా వచ్చి కూర్చుంది.

"ఊరందరి నెత్తులు సాపు చేస్తవు గానీ, నీ బిడ్డ నెత్తి ఎప్పుడన్న చూసినవా రాములన్నా?" అన్నాడు ఆటో నడిపే యోహాను, బెంచీ మీద పేపరు మడుస్తూ. "గా పిల్లకు కండ్లున్నయో లేవో కూడ తెల్వదు. జుట్టంత మొకం మీదనే!"

బెంచీ అంతా నవ్వింది. వెంకట్రాములు కూడా నవ్వాడు. ఏం చేస్తాడు పాపం, నవ్వకపోతే ఇంకో నాలుగు అంటారు.

కుర్చీలో నురగ మొహంతో కూర్చున్న నిరంజన్ సార్ మాత్రం నవ్వలేదు. వెంకట్రాములు కూతురు అఖిలకు క్లాసు టీచరు ఆయనే.

"నేను గూడ గదే చెప్దమని వచ్చిన," అన్నాడు అద్దంలోంచి చూస్తూ. "రెండు జడలన్న వెయ్యుండ్రి, లేకుంటె ముందల కట్ చెయ్యుండ్రి. రేపు పెద్దసార్లు తనిఖీకి వస్తుండ్రు. గిట్లనే వస్తే గేటు కాడ్నుంచే వాపస్ పంపుత."

"చేస్త సార్."

"గీ మాట దసరా సంది ఇంటున్న."

వెంకట్రాములు సార్ చెంప మీది కత్తి పక్కకు తీశాడు. ధరూర్‌లో ఉన్నప్పుడు తోటి పిల్లలు ఏడిపించారని అఖిల బడి మానేసింది. నెలల తరబడి గడప దాటలేదు. ఆ పిల్ల కోసమే బాగా నడుస్తున్న దుకాణాన్ని వదిలేసి, తెలిసిన ముఖం ఒక్కటీ లేని ఈ ఊరికి వచ్చారు. ఇక్కడ చేరాకే మళ్లీ పుస్తకం పట్టింది. ఈ బడి కూడా పోతే పిల్ల ఇక చదువుతుందా?

సరిగ్గా అప్పుడే అన్నం గిన్నె పట్టుకుని అఖిల వచ్చింది. ఎప్పటిలాగే ఒక చెయ్యి నెత్తి మీద అదిమి పట్టుకుని నడుస్తోంది. సార్‌ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"వచ్చె గదా! ఇంక ముహూర్తమేంది? ఇప్పుడే కోసెయ్," అన్నాడు సార్.

"సాయంత్రం ఇంటికాడ చేస్త సార్."

"కత్తెర ఈడుండె, నువ్వు ఈడుంటివి, ఇంటికాడ ఏంది?" సార్ సరదాకే అన్నాడు. సరదాకే లేచి అద్దం ముందున్న కత్తెర అందుకున్నాడు. "రా అఖిలా, మీ నాయనకు చాతగాకుంటె నేనే కోస్త."

ఆయన చెయ్యి పిల్ల నుదుటి వైపు పోయింది. అంతే! వెంకట్రాములు ఒక్క అంగలో వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ముట్టొద్దు సార్."

అఖిల గిన్నె కింద పెట్టి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని ఇంటికి పరుగెత్తింది.

నిరంజన్ సార్ తువ్వాలుతో నురగ తుడుచుకుని, సగం గడ్డంతోనే బయటికి నడిచాడు. "మంచిది వెంకట్రాములూ. రేపు గేటు కాడ చూస్త."

"ఏందన్నా, చదువు చెప్పే సార్ చెయ్యి పడ్తవా?" అన్నాడు యోహాను. "బిడ్డను గింత గారాబం చేస్తరా ఎవరన్న?"

వెంకట్రాములు బేరాలున్నా షట్టర్ దించేసి ఇంటి దారి పట్టాడు.

భార్య సాయమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. నెత్తి నిండా కొంగు. ఇంట్లో ఉన్నా కొంగు తియ్యదు. కొత్తగా చర్చికి పోతోందేమో అని పక్కింటివాళ్లు అనుకుంటారు. ఆమె అవుననదు, కాదనదు.

"ఏడుస్తున్నది," అంది లోపలి గది వైపు చూపిస్తూ. "ఇంక బడికి పోనంటున్నది. జర కొయ్యరాదు? వేలెడంత కోస్తె సార్ ఊకుంటడేమో."

"జరంత ఎక్కువ తెగితె? ఉన్నది గూడ పాయె."

"నీ చెయ్యి ఎన్నడన్న తప్పిందా?"

"ఊరోళ్ల నెత్తి మీద తప్పలే. దీని మీదనే వణుకుతది."

అయినా కత్తెర తీశాడు. వాకిలి గడియ పెట్టి, కిటికీ మూసి, లైటు వేసి అఖిలను పీట మీద కూర్చోబెట్టాడు. నీళ్లు చల్లలేదు. దువ్వెన పైపైనే ఆడించాడు. లోకాభిరామాయణం చెబుతూ ఎంతమందికో క్రాపులు చేసే మనిషి, ఇప్పుడు ఊపిరి బిగబట్టి నాలుగంటే నాలుగు వెంట్రుకలు పట్టుకుని కొసలు కోశాడు. మళ్లీ నాలుగు. చెమట ముక్కు మీదికి కారుతోంది. కింద పడిన ప్రతి వెంట్రుకనూ సాయమ్మ ఏరి కాగితంలో పెడుతోంది.

"నాయనా, నా కండ్లు కనిపిస్తున్నయా?" అడిగింది అఖిల.

"కనిపిస్తున్నయి బిడ్డా."

"అయితె సార్ ఏమనడు గదా?"

"ఏమనడు."

అఖిల అద్దం తెచ్చుకుని అటు తిరిగి, ఇటు తిరిగి చూసుకుంది. కళ్లు తుడుచుకుని నవ్వింది.

అప్పుడు వెంకట్రాములు ఆ జుట్టును బిడ్డ నున్నని నెత్తి మీది నుంచి రెండు చేతులతో మెల్లగా ఊడదీసి, బోర్లించిన కుండకు తొడిగి, ఇంకొకటి కుట్టడానికి సాయమ్మ గుండు మీద వేలెడన్నా పెరిగిందా అని ఆమె కొంగు తొలగించి చూశాడు.