చిక్కుడు, పప్పు, ఒక వాసన

"మళ్ళీ మొదలైంది," అన్నాడు కాలిన్, చల్లటి పెరుగు సూపులో చెంచా ముంచబోతూ ఆగిపోయి. "రబ్బరు కాలినట్టు. వెనా, నీకు నిజంగా రావడం లేదా?"

వెనెతా గాలి పీల్చి చూసింది. దోసకాయ, సోయికూర, వెల్లుల్లి. అంతే.

"నాకు అలవాటైపోయిందేమో," అంది భర్తతో.

"అలవాటు కాదు. అవి నీ ముద్దుబిడ్డలు. తల్లి ముక్కుకి కంపు ఎందుకు తెలుస్తుంది?"

ప్లెవెన్ ఊళ్ళోని ఒక బడిలో ఆమె జీవశాస్త్రం చెబుతుంది. తరగతి గదిలో పెరుగుతున్న రెండు మగ గినీ పందుల్ని వేసవి సెలవులకని ఇంటికి తెచ్చింది. వాటికి చిక్కుడు, పప్పు అని పిల్లలు పేర్లు పెట్టారు. అరచేతిలో పట్టినంతకాలం వాటికి ఏ వాసనా లేదు. నాలుగో నెల దాటాక రెండూ ఒకదానివెంట ఒకటి గుర్రుగుర్రుమంటూ తిరగడం, నడుము నేలకేసి ఈడుస్తూ వాసన గుర్తులు పెట్టుకోవడం మొదలెట్టాయి. మొదట్లో ఆమె కూడా ముక్కు మూసుకుంది.

పశువుల డాక్టరమ్మ నవ్వేసింది. "కుర్రతనం కదా టీచర్ గారూ! వెన్ను చివర జిడ్డు కారే గ్రంథి ఒకటుంటుంది, చూడండి. రెండు చుక్కలు కొబ్బరినూనె రాసి, నానాక గోరువెచ్చటి నీళ్ళతో తుడిచెయ్యండి. తడి చేసే మూలలో గుడ్డ రోజూ మార్చండి. సెంట్లు మాత్రం కొట్టకండి, వాటి ఊపిరికి పడదు."

వెనెతా అన్నీ చేసింది. ఒళ్ళో పెట్టుకుని తుడుస్తుంటే పప్పు కీచుమంటూ ఆమె వేలు కొరికేది. వాటి పక్కగుడ్డలు రోజూ ఉతికింది. పంజరం అడుగును వెనిగర్ కలిపిన నీళ్ళతో తుడిచింది. చివరికి పంజరాన్ని అద్దాల వసారాలోకి మార్చి తలుపు మూసింది. ఇక ఆ వైపు అడుగైనా పెట్టనన్నాడు కాలిన్.

వారం తిరిగేసరికి ఆమె ముక్కుకి ఏమీ తగలలేదు.

"బస్సులో కూడా వస్తోంది," అన్నాడతను. ఊళ్ళో ట్రాలీబస్సు నడుపుతాడు. "చొక్కాకి పట్టేసినట్టుంది. ఇవాళ స్టేషన్ మలుపులో గుప్పుమంది. ఏ స్టాపు దగ్గరున్నానో ఒక్క క్షణం తెలీలేదనుకో!"

ఆమె అతని చొక్కాలు విడిగా ఉతికి, ఎండలో వేసింది.

ఒక సోమవారం పొద్దున అతను డ్యూటీకి వెళ్ళాక, ఇక తన చేతిలో ఉన్న ఆఖరి పని కూడా చేసేసింది. పంజరం మొత్తం ఊడదీసి సబ్బునీళ్ళతో తోమింది. ఆరాక మళ్ళీ బిగించి, పైన దుప్పటి కప్పింది. సాయంత్రం అతను చెప్పులు విప్పుతుంటే గుమ్మంలోనే నిలబడింది.

"ఎలా ఉంది?"

"ఏముంది, నిన్నటికంటే ఎక్కువుంది. కడగలేదా?"

"కడిగాను," అంది.

ఆ తర్వాత కూడా ఆమె చేతులు ఊరుకోలేదు. కర్టెన్లు, తివాచీ, సోఫా గలీబులు, ఏది కనిపిస్తే అది ఉతికింది. పక్కింటి దోచ్కా పిన్నిని పిలిచి వాసన చూడమంది. ఆవిడ గదిగదికీ తిరిగి, "ఏం వాసనే పిల్లా? నీ ఇల్లు ఆసుపత్రిలా ఉంది. కాస్త కూర్చో, మొహం పాలిపోయింది," అంది.

వెనెతా కూర్చోలేదు.

"ఈమధ్య వాటి కీచుమనడం తగ్గింది," అన్నాడు కాలిన్ ఒకరోజు. "కంపు ఒక్కటే తగ్గలేదు."

ఆమె ఏదో చెప్పబోయి, గిన్నెలు కడగడానికి వెళ్ళిపోయింది.

కొన్ని వారాల తర్వాత ఒక శుక్రవారం, భోజనం దగ్గర అతనికి ఆ వాసన మళ్ళీ వచ్చింది. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయాడు. కళ్ళు గోడమీద నిలిచిపోయాయి. ఏదో రుచి చూస్తున్నట్టు పెదాలు చప్పరించాయి. చేతిలోని రొట్టెముక్క జారి పడింది. "కాలిన్!" అంది ఆమె. పలకలేదు. లోలోపల అంకెలు లెక్కపెట్టుకుంది. పన్నెండు దాకా వచ్చింది.

"అబ్బ, గుప్పుమంది!" అన్నాడు, ఏమీ జరగనట్టు రొట్టె అందుకుంటూ.

"రేపు బస్సు నడపకు," అంది ఆమె. "పదింటికి డాక్టరు దగ్గర టైము తీసుకున్నాను."

"పశువుల డాక్టరేనా? ఆపరేషన్ చేయిస్తావా? అమ్మయ్య! ఈ మాట నెల ముందే అనొచ్చుగా!"

"పశువుల డాక్టరు కాదు. నరాల డాక్టరు."

కాలిన్ పకపకా నవ్వాడు. "ఆ ఎలకలకి నరాల జబ్బు కూడానా?"

వెనెతా బల్లమీదుగా అతని చేయి పట్టుకుంది. ఎన్నిసార్లో నోటిదాకా వచ్చి వెనక్కి పోయిన మాట అది.

"వాటిని వేరేవాళ్ళకి ఇచ్చేసి మూడు వారాలైంది, కాలిన్."